మూడో సెట్టును మింగిన సూపర్ టైబ్రేక్ గారికి

మహారాజశ్రీ సూపర్ టైబ్రేక్ గారి సముఖమునకు,

పురుషుల టెన్నిస్ డబుల్స్ ప్రేక్షకులు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, ఆ ఉభయుల్లో ఒకరైన మూడో సెట్టు తమరి కడుపులో ఉంది. అందుకని కుశలం సగమే అని మనవి.

తమరు పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్ అయిన ఏటీపీ టూరు డబుల్స్‌లోకి 2006లో వేంచేశారు. సెట్లు 1-1 అయితే చాలు, మూడోది ఆడే పని లేకుండా ముందు పది పాయింట్లు, రెండు తేడాతో ఎవరు తెచ్చుకుంటే వాళ్లదే మ్యాచ్. ఆట ఎంతసేపు సాగుతుందో ముందే తెలిస్తే సింగిల్స్ స్టార్లు కూడా బరిలోకి దిగుతారని, టీవీ వాళ్లు చూపిస్తారని పెద్దలు సెలవిచ్చారు. అంతకుముందు ఆలోచన ఇంకా ఘోరం. 2005లో సెట్టునే అయిదు గేములకు కుదించబోతే డబుల్స్ ఆటగాళ్లు కోర్టుకెక్కారు. టెన్నిస్ కోర్టు కాదు, జడ్జీ ఉండే కోర్టు. చివరికి సెట్టు ఆరు గేముల దగ్గరే బతికి బయటపడింది, మూడో సెట్టు మాత్రం తమరికి నైవేద్యమైంది.

తమరి లెక్కల తీరు అమోఘం. ఒక జోడీ 6-7, 6-0, 8-10తో ఓడిందనుకోండి. గేములు కూడితే ఓడినవాళ్లకు 12, గెలిచినవాళ్లకు 7. పన్నెండు గేములు నెగ్గినవాళ్లు బ్యాగు సర్దుకుంటారు, ఏడు నెగ్గినవాళ్లు మరుసటి రౌండుకు వెళ్తారు.

అయినా మా అసలు ఫిర్యాదు స్కోరు గురించి కాదు. డబుల్స్ అంటే అవతలివాళ్లను చదువుకునే ఆట. తమరు పుస్తకం తెరవగానే దీపం ఆర్పేస్తున్నారు. 2024 పారిస్ ఒలింపిక్స్ ఫైనల్నే తీసుకుందాం. ఆస్ట్రేలియా జోడీ ఎబ్డెన్, పీర్స్ 6-7, 7-6, 10-8తో అమెరికా జోడీ క్రాయిచెక్, రామ్‌ను ఓడించి స్వర్ణం పట్టుకెళ్లారు. 10-8 అంటే 18 పాయింట్లు. మొదటి సర్వర్‌కు ఒకటి, ఆ తర్వాత వరసగా ఒక్కొక్కరికి రెండేసి. నలుగురికీ పంచితే తలా నాలుగో అయిదో సర్వీసులు. అందులోనూ కుడి కోర్టు, ఎడమ కోర్టు మారుతూ ఉంటాయి గనక సర్వీసును తిరగ్గొట్టే ఒక రిటర్నర్‌కు ఒక సర్వర్ ఎదురుపడేది రెండు సార్లు, మహా అయితే మూడు. అతని సర్వీసు ఎటు వంపు తిరుగుతోందో గమనించి, నిలబడే చోటు అరడుగు జరుపుకునేసరికి పతకాలు మెడలో పడిపోతాయి. 2016 రియోలో ఇదే స్వర్ణానికి నడాల్, మార్క్ లోపెజ్ మూడో సెట్టు పూర్తిగా ఆడి 6-4తో గెలిచారు. అప్పుడు ఆకాశమేమీ విరిగిపడలేదు.

తమరి వెంట వచ్చిన నో-యాడ్ గారి సంగతీ ఇక్కడే విన్నవించుకుంటాం. 40-40 దగ్గర ఒకే ఒక్క పాయింటు. ఏ వైపు ఆడాలో రిటర్న్ చేసే జోడీ ఎంచుకోవచ్చు. వినడానికి వరంలా ఉంటుంది. మామూలుగా ఇద్దరిలో రిటర్న్ బాగా ఆడేవాడివైపే అడుగుతారు. కానీ సర్వ్ చేసేవాడిది ఎడమచేతివాటమైతే అడ్వాంటేజ్ కోర్టులో, అంటే ఎడమవైపు, అతని బంతి వంపు తిరుగుతూ మనిషిని పక్క గీతల అవతలికి లాక్కెళ్తుంది. అలాంటప్పుడు కాస్త తక్కువవాడైనా కుడివైపు భాగస్వామే నయం. ఈలోగా అవతల సర్వర్ భాగస్వామి నెట్ దగ్గర మధ్యగీత మీద గొంతుక్కూర్చుని, వీపు వెనక వేళ్లతో సైగ చేస్తుంటాడు: సర్వీసు ఎటు వేయాలో, తాను ఎటు దూకుతాడో. ఐ ఫార్మేషన్ అంటే ఇదే. బంతి మధ్యగీత దగ్గర పడిందా, రిటర్న్‌కు కోణం దొరకదు, అది నేరుగా దూకినవాడి రాకెట్టుకే చిక్కుతుంది. దానికి మందు, నెట్ దాటగానే కిందికి దిగే రిటర్న్‌ను ముందుకొస్తున్న సర్వర్ కాళ్ల దగ్గర పడేయడం. నెట్ మనిషిని ఓరకంట చూస్తే మాత్రం రాకెట్టు ముఖం తెరుచుకుంటుంది, బంతి భుజమెత్తున తేలుతుంది, నేల తాకకముందే కొట్టే ఆ వాలీని ఇక ఆపేవాడు లేడు. 40-40 అంటే డ్యూస్, అక్కణ్నుంచి వరసగా రెండు పాయింట్లు నెగ్గాలనే అడ్వాంటేజ్ పద్ధతి బతికున్న చోట అయితే రిటర్నర్ రెండో డ్యూస్‌లో లైను వెంట కొట్టి చూస్తాడు, మూడోదాంట్లో నెట్ మనిషి తలమీదుగా లాబ్ వేస్తాడు. అవతలివాళ్లు సైగ మారుస్తారు, వీళ్లు నిలబడే చోటు మారుస్తారు. మేం టికెట్టు కొనేది ఆ దాగుడుమూతల కోసం. నో-యాడ్ గారి దగ్గర రెండో ఆలోచనకు చోటే లేదు.

పోనీ, స్టార్లు వచ్చారా? మెల్‌బోర్న్‌లో 2022 ఆస్ట్రేలియన్ ఓపెన్‌కు కిర్గియోస్, కొకినాకిస్ వైల్డ్‌కార్డుతో, అంటే నిర్వాహకుల ప్రత్యేక ఆహ్వానంతో వచ్చి టైటిల్ కొడితే స్టాండ్లు కిటకిటలాడాయి. అది తమరు మూడో సెట్టును మింగని టోర్నీ. జనం వాళ్ల కోసం వచ్చారు, గడియారం కోసం కాదు. 2025లో యూఎస్ ఓపెన్ వాళ్లు మిక్స్‌డ్ డబుల్స్‌నూ కుదించారు: పదహారు జోడీలు, ఫైనల్ దాకా నాలుగు గేముల సెట్లు, సింగిల్స్ తారల జాతర, విజేతలకు పది లక్షల డాలర్లు. తీరా కప్పు ఎత్తింది అంతకుముందు ఏటి విజేతలు, డబుల్స్ ఆటలో పండిపోయిన ఎరానీ, వవసోరి. ఆ ఫైనల్‌ను 10-6తో తేల్చింది కూడా తమరే. అందుకు మాత్రం శభాష్.

గ్రాండ్‌స్లామ్ పురుషుల డబుల్స్‌లో తమరికి ఇంకా గుమ్మం దగ్గరే పీట. మూడో సెట్టులో 6-6 అయ్యాకే లోపలికి పిలుస్తారు. 2024 వింబుల్డన్ ఫైనల్లో అలాగే పిలిచారు. హెలియోవారా, పాటెన్ 11-9తో నెగ్గిన ఆ టైబ్రేక్‌ను మేమూ కుర్చీ అంచున కూర్చునే చూశాం. ఒక సెట్టంతా గట్టునపడక అలసిపోయిన నలుగురి మధ్య తమరు నిజంగా అందంగా ఉంటారు. అలవాటైన సర్వీసును ఈసారైనా పట్టుకుంటాడా అని చూసే ఉత్కంఠ అది. ఆకలి పుట్టాక వడ్డించేదానికీ, కూర్చోగానే విస్తరి ఎత్తేయడానికీ తేడా తమరికి తెలియదని కాదు. అన్నట్టు, వింబుల్డన్ వాళ్లు కూడా 2023 నుంచి అయిదు సెట్లను మూడుకు కోసేశారు. గాలి తమరివైపే వీస్తోంది.

మా కోరిక చిన్నది. వారమంతా తమరే ఏలుకోండి. ఫైనల్ ఒక్కదానికి మూడో సెట్టును కడుపులోంచి కక్కి, 6-6 దాకా బయట కూర్చోండి.

ఇట్లు,
అడ్వాంటేజ్‌ను మరిచిపోలేని
డబుల్స్ ప్రేక్షకులు

తా.క.: తమరి రాకకు ముందు ఆటగాళ్లను 120 సెకన్లు కూర్చోబెడతారు, ఎవరు ముందు సర్వ్ చేయాలో, ఎవరు ఏ వైపు రిటర్న్ చేయాలో మార్చుకోనిస్తారు. బంతులు మార్చే వేళ అయినా సరే, తమరి ముందు మాత్రం కొత్తవి ఇవ్వకూడదని నిబంధన. కాబట్టి నూలు రేగిన పాత బంతులతోనే తమరి సేవ. వాటితో సర్వీసు కాస్త నెమ్మదిస్తుంది. రిటర్నర్‌కు తమరు మిగిల్చిన మేలు అదొక్కటే, అందుకు కృతజ్ఞులం.