లారీల యజమాని ఓడల లెక్క మార్చిన తీరు

ఒంటిచేత్తో ఎదిగిన అమెరికా వ్యాపారుల గురించి రాసేవాళ్లు పేదరికం దగ్గర మొదలుపెట్టి కోట్ల దగ్గర ఆపేస్తారు. ఓడల్లో కంటైనర్ రవాణాకు దారి వేసిన మాల్కం మెక్‌లీన్ విషయంలో నాకు ముఖ్యమనిపించేది ఆ రెండింటి మధ్య, 1955లో ఆయన తీసుకున్న నిర్ణయం.

నార్త్ కరోలినా రైతుబిడ్డ. 1934లో పాత లారీతో మొదలై, ఇరవై ఏళ్లలో దేశంలోని పెద్ద లారీ కంపెనీల్లో ఒకదానికి అధిపతి అయ్యాడు. లారీలు నడిపేవాళ్లు ఓడలు నడపకూడదని అప్పటి నిబంధన. చేతిలో ఉన్న కంపెనీని వదులుకుని, అప్పు తెచ్చి ఓడల కంపెనీ కొన్నాడు.

ఎందుకంత తెగింపు? అప్పట్లో రేవులో ప్రతి బస్తా, ప్రతి పీపా, ప్రతి చెక్కపెట్టె మనుషుల చేతుల మీదుగానే ఓడ అడుగుకు చేరేది. సందుల్లేకుండా సర్దడానికే రోజులు పట్టేది. ఖర్చంతా సముద్రం మీద కాకుండా ఒడ్డునే అవుతోందని మెక్‌లీన్ పట్టేశాడు. 1956 ఏప్రిల్ 26న ఐడియల్ ఎక్స్ అనే పాత ట్యాంకర్ ఓడ, సరుకుతో సహా లారీ నుంచి ఎత్తి పెట్టిన 58 పెద్ద లోహపు పెట్టెలతో (కంటైనర్లతో) న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కు బయల్దేరింది. టన్ను ఎక్కించడానికి 5.83 డాలర్లయ్యే చోట 16 సెంట్లు కూడా కాలేదు.

కంటైనర్‌ను ఆయనే కనిపెట్టాడనడం మాత్రం సరికాదు. పెట్టెల్లో సరుకు పంపడం అంతకుముందే ఉంది. లారీ, క్రేన్, ఓడ, రేవు అన్నిటినీ ఆ పెట్టెకు తగ్గట్టు మార్చడం ఆయన ఘనత. అందులోనూ పెట్టెలను ఒకదానిమీద ఒకటి బిగించే మూలల అమరిక ఇంజనీర్ కీత్ టాంట్లింగర్‌ది. వియత్నాం యుద్ధంలో సైన్యం ఇచ్చిన కాంట్రాక్టులు లేకపోతే పసిఫిక్ మార్గం అంత త్వరగా నిలదొక్కుకునేది కాదు. వియత్నాంలోని కామ్‌రాన్ బే రేవులో ఖాళీ అయిన పెట్టెలు జపాన్ సరుకుతో నిండి అమెరికాకు తిరిగొచ్చేవి. ఇటు రేవుల్లో తరతరాలుగా బరువులు మోసిన కార్మికులు వేలాదిగా పని కోల్పోయారు. ఆయన విజయగాథలో వాళ్లకూ చోటుండాలి.

అదే తెగింపు ఆయన్ను ముంచింది కూడా. యునైటెడ్ స్టేట్స్ లైన్స్ అనే ఓడల కంపెనీని కొన్నాక, చమురు ధర పెరుగుతూనే ఉంటుందని నమ్మి, ఇంధనం ఆదా చేసే భారీ ఓడలు డజను కట్టించాడు. నెమ్మదిగా నడిచే ఓడలవి. అవి నీళ్లలోకి దిగేసరికి చమురు చవకైంది, సరుకు పంపేవాళ్లకు వేగం కావాల్సివచ్చింది. 1986లో కంపెనీ వందకోట్ల డాలర్లకు పైగా అప్పుతో దివాలా తీసింది. 1955లో పణంగా పెట్టింది ప్రధానంగా తన ఆస్తి. ఈసారి వేల మంది ఉద్యోగాలు కూడా ఆ పందెంలోనే ఉన్నాయి.