బెల్టు పెట్టుకున్నారు సరే, ఎక్కడ పెట్టుకున్నారు?

సీటు బెల్టు గురించిన చర్చంతా ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది: పెట్టుకున్నారా, లేదా? చట్టం అడిగేది అదే. రోడ్డు మీద కారు ఆపిన పోలీసు చూసేది అదే. కారులో మోగే అలారం పసిగట్టగలిగేదీ అదే. బెల్టు కొక్కెం బకిల్‌లో టక్కున పడితే చాలు, ముగ్గురూ తృప్తి పడిపోతారు. ఆ పట్టీ తుంటి మీదుగా పోతోందా, పొట్ట మీదుగానా. సీటు పడక్కుర్చీలా వాలి ఉందా. వెనక కూర్చున్న పిల్లవాడి మెడకు పట్టీ ఒరుసుకుంటోందా అన్నవి ఎవరి లెక్కలోకీ రావు. ప్రమాదం జరిగినప్పుడు మాత్రం లెక్కకొచ్చేవి ఇవే.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు గోడను గుద్దితే కారు ఆగుతుంది, లోపలి మనిషి ఆగడు. అదే వేగంతో ముందుకు పోతూనే ఉంటాడు. దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీద నుంచి పడినవాడు నేలను తాకేది కూడా ఆ వేగంతోనే. ఆ ఊపునంతా సెకనులో పదో వంతులో శరీరం నుంచి లాగేయాలి. ఎక్కడ పట్టుకుని లాగాలి అన్నదే బెల్టు చేసేవారి ముందున్న అసలు సమస్య. అంత బలాన్ని ఓర్చుకునే ఎముకలు ముందు వైపు కొన్నే ఉన్నాయి: రెండు పక్కలా తుంటి ఎముకలు, భుజం దగ్గరి జత్రుక, ఛాతీ గూడు. మిగతాదంతా మెత్తని శరీరమే.

1959లో వోల్వో కార్లలో మూడు చోట్ల బిగించే బెల్టు వచ్చింది. దాన్ని రూపొందించిన నీల్స్ బోలిన్ అంతకు ముందు సాబ్ కంపెనీలో, ఆపదలో పైలట్‌ను విమానం బయటికి విసిరే సీట్ల మీద పనిచేసినవాడు. బెల్టనేది అతనికంటే ముందే ఉంది. నడుముకు అడ్డంగా ఒకే పట్టీ, బకిల్ వచ్చి సరిగ్గా పొట్ట మీద కూర్చునేది. బోలిన్ ఆ పట్టీల దారి మార్చాడు. ఒకటి తుంటి మీదుగా, ఇంకొకటి భుజం నుంచి ఛాతీకి ఏటవాలుగా. రెండూ కలిసే చోటు శరీరం మీద ఉండదు, సీటు పక్కన కిందికి ఉంటుంది. ఆ పేటెంట్‌ను మిగతా కంపెనీలు కూడా వాడుకోవడానికి వోల్వో ఒప్పుకుంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1970లో బెల్టును తప్పనిసరి చేసింది. ప్రపంచంలో అలాంటి చట్టం అదే మొదటిది. ఇన్నేళ్లయినా బోలిన్ గీసిన దారి పెద్దగా మారలేదు. ఆ దారి తప్పిస్తున్నది మనమే.

ఎలా తప్పిస్తామో చూడాలంటే దూర ప్రయాణంలో డ్రైవర్ పక్కన కూర్చున్న మనిషిని గమనించండి. కాసేపటికి సీటు వెనక్కి వాలుతుంది. చెప్పులు విడిచిన పాదాలు డాష్‌బోర్డు మీదికి చేరతాయి. నడుము మెల్లగా సీటు అంచుకు జారుతుంది. కింది పట్టీ తుంటి ఎముకలు దాటి పొట్ట మీదికి పాకుతుంది, పై పట్టీకీ ఛాతీకీ మధ్య చెయ్యి దూరేంత సందు ఏర్పడుతుంది. అలారం మోగదు, బెల్టు పెట్టుకునే ఉన్నారు కదా! ఆ క్షణాన కారు దేన్నైనా గుద్దితే మనిషి పట్టీ కింద నుంచి ముందుకు జారిపోతాడు. దీన్ని ఇంజనీర్లు సబ్‌మెరైనింగ్ అంటారు. దెబ్బ ఎముక మీద పడాల్సింది పోయి పేగుల మీద, కాలేయం మీద, వాటి వెనకున్న వెన్ను మీద పడుతుంది. ఈ తరహా గాయాలకు వైద్యులు సీట్ బెల్ట్ సిండ్రోమ్ అని పేరు పెట్టింది 1962లోనే. ఇక డాష్‌బోర్డు మీద ఉన్న కాళ్ల కిందే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ఆ మోకాళ్లు ఎటు విసిరేయబడతాయో విడమరచి చెప్పనక్కర్లేదు.

సరిగ్గా పెట్టుకోవడం అరనిమిషం పని. నడుమును సీటు మూలలోకంటా జరపాలి. బొటనవేళ్లతో తుంటి ఎముకల కొసలు తడిమి చూసుకుని, కింది పట్టీని వాటికంటే కిందికి, తొడలు మొదలయ్యే చోటికి నొక్కాలి. ఆ తర్వాత పై పట్టీని భుజం వైపు ఒకసారి గుంజి వదిలితే కింద మిగిలిన వదులు పోతుంది. పై పట్టీ మెడకూ భుజం చివరకూ నడుమ నుంచి ఛాతీ మధ్యకు దిగాలి. మెడకు రాసుకుంటుంటే తలుపు పక్కనున్న స్తంభం మీద బెల్టు ఎత్తు మార్చే మీట ఉందేమో చూడాలి. చాలా కార్లలో ఉంటుంది, కారు అమ్మేసే దాకా దాన్ని ముట్టుకోనివారే ఎక్కువని నా అనుమానం. గర్భిణులకు కూడా ఇదే సూత్రం: కింది పట్టీ కడుపు కిందుగా, పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి కడుపు పక్కగా. కడుపు మీదుగా ఏ పట్టీ పోకూడదు. బిడ్డకు ఒత్తుకుంటుందేమోనని బెల్టే మానేయడం మరీ ప్రమాదం.

గుద్దుకోగానే బెల్టును వెనక్కి లాగి బిగించే ప్రిటెన్షనర్లు ఇప్పటి కార్లలో ఉన్నాయి కదా అని కొందరి ధీమా. అవి మింగగలిగేది కొన్ని సెంటీమీటర్ల వదులునే. మందపాటి కోటు, పట్టీ ఒంటికి తగలకుండా పెట్టుకునే క్లిప్పు, జారిన నడుము, అన్నీ కలిసిన వదులును అవి మింగలేవు.

సీటు సర్దుబాటు సంగతికొస్తే, దాన్ని మనం సుఖానికి సంబంధించిన విషయంగానే చూస్తాం. నిజానికి బెల్టు, ఎయిర్‌బ్యాగ్, హెడ్‌రెస్ట్ మూడూ ఒక మనిషి ఫలానా చోట, ఫలానా ఎత్తులో ఉంటాడని ముందే ఊహించుకుని తయారైనవి. ఆ ఊహించుకున్న మనిషి ఎవరు? ముందు నుంచి గుద్దించే పరీక్షల్లో దశాబ్దాలుగా ఎక్కువగా కూర్చోబెడుతున్నది 1970లలో జనరల్ మోటార్స్ తయారుచేసిన హైబ్రిడ్ 3 అనే బొమ్మను. సగటు మగవాడి కొలతలు దానివి: ఎత్తు సుమారు 175 సెంటీమీటర్లు, బరువు సుమారు 78 కిలోలు. చిన్న ఆకారపు స్త్రీ బొమ్మ కూడా ఉంది కానీ అది చాలావరకు ఈ మగ బొమ్మను కుదించి చేసిందే. ఆ కొలతలకు దూరంగా ఉన్నవాళ్లందరికీ, అంటే పొట్టివారికి, స్థూలకాయులకు, చాలామంది స్త్రీలకు, కారు తనంతట తాను అమరదు. అమర్చుకోవాలి.

పొట్టి డ్రైవర్ల ఇబ్బందే తీసుకోండి. పెడల్స్ అందక సీటును ముందుకు జరుపుతారు, ఛాతీ స్టీరింగ్‌కు దగ్గరవుతుంది. ఎయిర్‌బ్యాగ్ సెకనులో దాదాపు ముప్ఫయ్యో వంతులో ఉబ్బుతుంది. పూర్తిగా ఉబ్బాక తగిలితే కాపాడుతుంది, ఉబ్బుతూ ఉండగా తగిలితే కొడుతుంది. అందుకే స్టీరింగ్ నడిబొడ్డుకూ ఛాతీ ఎముకకూ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలంటారు. సీటు కాస్త ఎత్తి, వీపు భాగాన్ని కొద్దిగా వాల్చి, స్టీరింగ్ వెనక్కీ ముందుకీ జరిగే రకమైతే దాన్ని లోపలికి నెడితే ఆ దూరం చాలామందికి దొరుకుతుంది. స్టీరింగ్ ముఖానికి కాకుండా ఛాతీకి ఎదురుగా ఉండాలి. మిగతావి తెలిసినవే: క్లచ్ గానీ బ్రేక్ గానీ చివరికంటా నొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలి, వీపు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచును తాకాలి, అద్దాలు సరిచేసుకునేది అన్నిటికన్నా చివర. ఇవన్నీ కారు ఆగి ఉన్నప్పుడే. సీటు పట్టాల మీద లాక్ పడిందో లేదో ఒకసారి ముందుకూ వెనక్కూ ఊగి చూసుకోవాలి.

హెడ్‌రెస్ట్ పేరులోనే మోసం ఉంది. అది తల వాల్చుకోవడానికి పెట్టింది కాదు. వెనక నుంచి ఇంకో వాహనం గుద్దినప్పుడు సీటు వీపును ముందుకు తోస్తుంది, తల మాత్రం ఉన్నచోటే ఉండిపోయి మెడ వెనక్కి విరుచుకుంటుంది. ఆ విరుపును ఆపడానికే అది. అమెరికాలో కొత్త కార్ల ముందు సీట్లకు 1969 నుంచి తప్పనిసరి అయింది. దాని పైఅంచు నడినెత్తితో సమానంగా రావాలి, కనీసం చెవుల పైభాగం దాకానైనా ఉండాలి. తలకూ దానికీ మధ్య సందు ఎంత తక్కువుంటే అంత మంచిది. పూర్తిగా కిందికి దించేసిన హెడ్‌రెస్ట్ మెడను దాని మీదుగా వెనక్కి విరిచే ఆసరాగా మారుతుంది. మెడ వెనక కట్టుకునే మెత్తని దిండ్లూ అంతే, తలను ముందుకు తోసి ఆ సందును పెంచుతాయి. సీటు కవర్ల గురించి కూడా ఒక మాట: పక్క ఎయిర్‌బ్యాగ్ సీటు అంచులోనే ఉండే కార్లలో ఆ చోటును కప్పేసే కవర్ వేస్తే అది సరిగ్గా తెరుచుకోకపోవచ్చు.

ఇక పిల్లలు. ఒడిలో కూర్చోబెట్టుకుంటే గట్టిగా పట్టుకుంటామనే నమ్మకం ఎంత బలమైనదో అంత తప్పు. 50 కిలోమీటర్ల వేగంలో గుద్దుకున్నప్పుడు 10 కిలోల బిడ్డను సెకనులో పదో వంతులో ఆపాలంటే దాదాపు 140 కిలోల బరువును మోసేంత బలం కావాలి. అది ఏ తల్లికీ తండ్రికీ ఉండదు. ఒకే బెల్టును ఇద్దరికీ కలిపి చుట్టడం అంతకంటే దారుణం. పెద్దవాళ్ల బరువంతా బిడ్డను పట్టీకేసి నలిపేస్తుంది.

అందుకే పిల్లలకు వేరే చైల్డ్ సీటు, అంటే కారు సీటు మీద బిగించే చిన్న సీటు. పసిబిడ్డ సీటు వెనక్కి తిరిగి ఎందుకుండాలి? పుట్టినప్పుడు శరీరం పొడవులో దాదాపు నాలుగో వంతు తలే. మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు. ముందుకు చూస్తూ కూర్చున్న పసివాడిని బెల్టులు ఛాతీ దగ్గర ఆపేస్తే ఆ బరువైన తల మెడను లాక్కుంటూ పోతుంది. వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు మొత్తం సీటు పెంకులోకి ఒక్కసారిగా ఒదుగుతాయి. స్వీడన్‌కు చెందిన బెర్టిల్ ఆల్డ్‌మన్ 1960లలోనే ఇలాంటి సీటు తయారుచేశాడు, వ్యోమగాముల సీట్లు చూసి వచ్చిన ఆలోచనట. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలోని ఆర్129 నిబంధన ప్రకారం 15 నెలలు దాటే వరకు వెనక్కి తిరిగే కూర్చోవాలి. స్వీడన్‌లో నాలుగేళ్ల దాకా అలాగే ఉంచమని చెబుతారు. కాళ్లు ముడుచుకుపోతున్నాయని పెద్దలు తొందరపడి ముందుకు తిప్పేస్తారు. ముడుచుకున్న కాళ్లు పిల్లలకు పెద్ద బాధ కాదు. ఒక్కటి మాత్రం మరవకూడదు: ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో వెనక్కి తిరిగిన సీటు ఎన్నడూ పెట్టకూడదు. ఎయిర్‌బ్యాగ్ నేరుగా బిడ్డ తల వెనకున్న పెంకును కొడుతుంది.

నాలుగైదేళ్లు వచ్చాక ఎదురయ్యేది వేరే చిక్కు. పిల్ల పై పట్టీని చంక కిందికి తోసేస్తుంది, లేదా వీపు వెనక్కి నెట్టేస్తుంది. కసిరి మళ్లీ సరిచేస్తారు, పది నిమిషాలకు మళ్లీ అంతే. అది అల్లరి కాదు, పెద్దవాళ్ల కొలతకు చేసిన పట్టీ ఆ పిల్ల మెడకు గీసుకుంటోంది. సీటు లోతు ఎక్కువై మోకాళ్లు అంచు దాకా రాక ముందుకు జారుతుంది, దాంతో కింది పట్టీ పొట్ట మీదికి ఎక్కుతుంది. బూస్టర్ సీటు చేసే పనల్లా పిల్లను కాస్త పైకి లేపి బోలిన్ గీసిన దారిలోకి తీసుకురావడమే. ఎప్పటిదాకా అంటే వయసు చెప్పడం తప్పుదారి పట్టిస్తుంది. ఐరోపా నియమాల్లో కొలమానం 150 సెంటీమీటర్ల ఎత్తు, కొన్ని దేశాలు 135తో సరిపెట్టుకోవచ్చు. అమెరికాలో సాధారణంగా చెప్పేది 145. వీపు పూర్తిగా ఆనించినప్పుడు మోకాళ్లు సీటు అంచు దగ్గర వంగాలి, కింది పట్టీ తొడల మీద, పైది భుజం మధ్యన ఉండాలి, ప్రయాణం పొడుగునా అలాగే కూర్చోగలగాలి. నిద్రపోయి ఒరిగిపోతే ఆ పిల్లకు ఇంకా బూస్టర్ కావాలన్నట్టే.

సీటు కొనడంతో పని అయిపోతుందనుకోవడం మరో పొరపాటు. బెల్టు దూరే చోట పట్టుకుని ఊపితే సీటు ఏ పక్కకూ 2.5 సెంటీమీటర్ల కంటే ఎక్కువ కదలకూడదు. బిగించడంలో తప్పులు తగ్గించడానికే 1999లో ఐసోఫిక్స్ అనే ప్రామాణిక కొక్కేలు వచ్చాయి. ముందుకు చూసే సీటుకు పైతాడు ఉంటే అదీ తగిలించాలి. బిడ్డ భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లితే మడత పడకూడదు. దళసరి స్వెటర్ మీద పట్టీ బిగిస్తే బిగిసినట్టే కనిపిస్తుంది, గుద్దుకున్నప్పుడు ఉన్ని అణిగిపోయి బిడ్డ జారుతుంది. పట్టీ బిగించాక పైన దుప్పటి కప్పుకోవచ్చు. నవజాత శిశువు గడ్డం ఛాతీకి ఆనుకుంటే ఊపిరి ఇబ్బంది అవుతుంది, కాబట్టి సీటు వాలు తయారీదారు చెప్పినంత ఉండాలి.

ఇదంతా ఎవరు నేర్పుతారు? డ్రైవింగ్ పరీక్షలో వెనక్కి తోలడం చూస్తారు, మలుపు చూస్తారు. ఎక్కి కూర్చున్న మనిషి సీటు ఎలా సర్దుకున్నాడన్నదానికి ఆపాటి ప్రాధాన్యం దక్కదు. షోరూములో తాళాలు ఇచ్చే రోజు పాటల స్క్రీన్ ఎలా వాడాలో అరగంట చెబుతారు, సీటు మీటల దగ్గరకొచ్చేసరికి ఇది ముందుకు, అది వెనక్కి అని ముగిస్తారు. అవగాహన ప్రచారాలదీ అదే ధోరణి. బెల్టు వాడకం పెంచడంలో వాటి కృషి తక్కువేమీ కాదు, వందలో ఎందరు పెట్టుకుంటున్నారన్న అంకె ఉంటే ప్రభుత్వాలకూ సౌకర్యమే. ఎందరు సరిగ్గా పెట్టుకుంటున్నారో తెలియాలంటే కారు పక్కన వంగి లోపలికి చూడాలి, ఒక్కో పిల్లను ఒక్కో పట్టీని తాకి చూడాలి. అది ఖరీదైన పని, నెమ్మదైన పని. ప్రసూతి ఆసుపత్రి నుంచి బిడ్డను ఇంటికి పంపే రోజున ఒక నర్సు ఆ పది నిమిషాలు కేటాయిస్తే ఎన్నో పోస్టర్లు చేయలేని మేలు జరుగుతుందని నేననుకుంటాను.

చేతులు మారే సామగ్రి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. గట్టి ప్రమాదంలో పడిన చైల్డ్ సీటును మళ్లీ వాడకూడదు, ప్లాస్టిక్ లోపలి పగులు పైకి కనబడదు. అందుకే చరిత్ర తెలియని పాత సీటు ఎంత చవకగా దొరికినా వద్దు. కారు బెల్టూ అంతే, పెద్ద దెబ్బ తిన్నాక మార్చాల్సిందే. పాత కారు కొనేటప్పుడు ఇంజన్ శబ్దం వింటాం, టైర్లు చూస్తాం. బెల్టును కూడా చివరికంటా బయటికి లాగి చూడండి: అంచులు పీచులు తేలాయా, పట్టీ అలలుగా సాగిందా, వదిలితే చురుగ్గా వెనక్కి పోతోందా. పట్టీ అడుగున సాధారణంగా ఒక చీటీ కుట్టి ఉంటుంది, దాని మీద తయారీ తేదీ ఉంటుంది. అది కారు తయారైన ఏడాదితో కలవకపోతే బెల్టు ఎందుకు మార్చాల్సి వచ్చిందో అమ్మేవారిని అడగండి.