జావా ల్యాబ్‌లో మార్పుకు చోటేదీ?

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో చాలాచోట్ల మొదటి ఏడాది సీ, రెండో ఏడాది జావా అనే ప్రోగ్రామింగ్ భాషలు నేర్పుతారు. లూపులు, పాయింటర్లు, స్ట్రక్చర్లతో కుస్తీపట్టి రెండో కోర్సుకు వచ్చిన విద్యార్థులకు ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ పేరుతో ఎన్‌క్యాప్సులేషన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజమ్, అబ్‌స్ట్రాక్షన్ అనే నాలుగు నిర్వచనాలు ఎదురవుతాయి. వైవాలో వాటిని తడుముకోకుండా అప్పజెబుతారు. ఇన్‌హెరిటెన్స్ రకాలకు బొమ్మలు గీస్తారు. ఏదైనా సమస్య చెప్పి ఖాళీ ఫైలు ముందు కూర్చోబెడితే మాత్రం చాలామంది మొత్తం కోడ్‌ను, ప్రోగ్రామ్ మొదలయ్యే మెయిన్ ఫంక్షన్‌లోనే రాసుకుపోతారు.

ఇందుకు విద్యార్థులను తప్పుపట్టడం అన్యాయం. క్లాసు, అంటే డేటానూ దాంతో చేసే పనులనూ ఒకచోట కట్టిపెట్టే నమూనా, అవసరమయ్యే ప్రోగ్రామ్ వాళ్ల చేతికి ఎప్పుడూ రాలేదు. ల్యాబ్ రికార్డులో ఉండేవి ముప్పై నలభై లైన్ల ప్రోగ్రాములు. రాయడం, అవుట్‌పుట్ చూపించడం, సంతకం పెట్టించుకోవడం. వచ్చే వారం ఇంకోటి. కిందటి వారం రాసిన ఫైలును మళ్లీ తెరిచే పనే పడదు. ఆ నమూనాతో తయారయ్యే ఆబ్జెక్టుల విలువ తెలిసేదేమో రాసిన ప్రోగ్రామ్‌ను మార్చాల్సి వచ్చిన రోజున.

ఈ ఆబ్జెక్టుల పద్ధతి పుట్టింది కూడా అవసరంలోంచే. 1960ల్లో ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలే యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ నిజజీవిత వ్యవస్థలను కంప్యూటర్‌లో అనుకరించే భాష కోసం పనిచేశారు. దేని స్థితి దానికుండి, దేని పని అది చేసుకుపోయే అనేక వస్తువులను వర్ణించాల్సి వచ్చింది. అలా సిమ్యులా 67 అనే భాషలో క్లాసు, దాని లక్షణాలను వారసత్వంగా తీసుకునే సబ్‌క్లాసు వచ్చాయి. మన సిలబస్ మాత్రం పరిష్కారాన్ని ముందే చేతిలో పెడుతుంది, సమస్యను చూపించదు.

చూపించడానికి ఆర్టీసీ టికెట్ చాలు. బస్సు రకం, దూరం, పాసును బట్టి ఛార్జీ లెక్కగట్టే ప్రోగ్రామ్‌ను మొదటి ఏడాది సీలోనే రాయించవచ్చు. ఆ తర్వాత, తెలంగాణలో 2023 డిసెంబర్ 9న వచ్చిన మహాలక్ష్మి పథకాన్ని, అంటే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణాన్ని, అందులో చేర్చమనాలి. ఛార్జీ లెక్కలో ఒక ఇఫ్ (షరతు), టికెట్ ముద్రణలో ఒక ఇఫ్, రోజువారీ లెక్కల్లో మరొకటి. ఎక్కడో ఒకటి మరిచిపోవడం ఖాయం. ఆ చికాకు ఒకసారి అనుభవించాక క్లాసు గురించి చెబితే ఎక్కుతుంది.

అసలు పాఠం అక్కడే మొదలవుతుంది. చాలామందికి మొదట తట్టేది ప్రయాణికుడు అనే క్లాసు, దాని కింద విద్యార్థి, మహిళ, వృద్ధులు అనే సబ్‌క్లాసులు. మరి పాసున్న విద్యార్థిని ఏ క్లాసులోకి వస్తుంది? జావాలో ఒక క్లాసుకు రెండు పేరెంట్ క్లాసులు ఉండవు. పరీక్ష కోసం కంఠతా పట్టిన ఆ వాక్యానికి అర్థం తెలిసేది ఈ చిక్కులో పడ్డాకే. అప్పుడు ప్రయాణికులను విడగొట్టడం మానేసి, రాయితీని ఇంటర్‌ఫేస్‌గా (ఏ పనులు చేయాలో మాత్రమే చెప్పే ఒప్పందంగా), ఒక్కో నిబంధననూ ఒక్కో క్లాసుగా రాస్తారు. కొత్త పథకం వస్తే కొత్త క్లాసు చేరుతుంది, టికెట్ ముద్రించే కోడ్ జోలికి వెళ్లనక్కర్లేదు.

ఇంకో మలుపూ ఉంది. ఉచిత ప్రయాణంలోనూ కండక్టర్ జీరో టికెట్ కొడతారు, ఆ ఛార్జీని ఆర్టీసీకి ప్రభుత్వం చెల్లించాలి. అంటే ఛార్జీ వేరు, ప్రయాణికురాలు కట్టే సొమ్ము వేరు. రెంటినీ ఒకే వేరియబుల్‌లో పెట్టి, దాన్ని అందరికీ అందుబాటులో ఉంచినవాళ్లు కోడంతా వెతుక్కోవాలి. ప్రైవేట్‌గా దాచి, ఒకే మెథడ్ ద్వారా ఇచ్చినవాళ్లకు మార్పు చాలావరకు ఆ క్లాసులోనే ఆగుతుంది. ఎన్‌క్యాప్సులేషన్ అంటే ఇదీ. క్లాసులోని ప్రతి ఫీల్డుకూ గుడ్డిగా దాన్ని చదివే గెట్టర్, మార్చే సెట్టర్ రాయించడం తాళం వేసి తాళంచెవిని గుమ్మానికే వేలాడదీయడం లాంటిది.

జావా భాషే బరువెక్కువని కొందరంటారు. చిన్న ప్రోగ్రామ్‌కైనా పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్ అనే వరుస తప్పనిసరి అన్న నియమాన్ని 2025 సెప్టెంబర్‌లో వచ్చిన జావా 25 సడలించింది కాబట్టి మొదటి వారం బెదురు కొంత తగ్గొచ్చు. ఆబ్జెక్టుల కాలం చెల్లిందన్న వాదనను మాత్రం జాగ్రత్తగా చూడాలి. గో, రస్ట్ భాషల్లో క్లాసుల ఇన్‌హెరిటెన్స్ లేని మాట నిజమే. కానీ లోపలి డేటాను దాచే గీత, ఇంటర్‌ఫేస్ లాంటి ఒప్పందం రెంటిలోనూ ఉన్నాయి. మనం పరీక్షల్లో రకరకాల బొమ్మలతో అడిగే ఇన్‌హెరిటెన్స్ పక్కకు పోయింది, పైపైన దాటేసే ఎన్‌క్యాప్సులేషన్, ఇంటర్‌ఫేస్ నిలిచాయి.

ముప్పై లైన్ల ప్రోగ్రామ్‌ను ఏఐ ఇప్పుడు క్షణాల్లో రాసిస్తోంది. అలాంటివి రికార్డులో నింపించడం ఇంకెందుకు? సెమిస్టర్ అంతా ఒకే ప్రోగ్రామ్ ఉంచి, రెండు వారాలకోసారి ఒక నిబంధన మార్చాలి. మధ్యలో ఒకసారి పక్క బ్యాచ్ కోడ్‌ను ఇచ్చి మార్చమనాలి. ఎక్స్‌టర్నల్ ల్యాబ్ పరీక్షలో నడుస్తున్న కోడ్, ఒక కొత్త జీవో ఇచ్చి, ఎన్ని ఫైళ్లు ముట్టుకున్నారో, ఎందుకు ముట్టుకున్నారో వైవాలో అడగాలి. అరవై మంది సెక్షన్‌ను చూసుకునే అధ్యాపకులకు ఇది అదనపు భారమే. అందుకే సొంతంగా సిలబస్, ప్రశ్నపత్రం తయారుచేసుకునే వీలున్న అటానమస్ కాలేజీలు ముందుగా ఒక సెక్షన్‌లో మొదలుపెట్టాలి. అనుబంధ కాలేజీలు యూనివర్సిటీ ఉత్తర్వు కోసం ఆగకుండా ఇంటర్నల్ మార్కుల వరకైనా ఈ పని చేయొచ్చు.