బూట్ అయినంత మాత్రాన స్టేబుల్ కాదు

ఈ మధ్య ఎక్కడ చూసినా ఒకే రకం స్క్రీన్‌షాట్. చిప్ వివరాలు చూపించే సీపీయూ-జడ్ విండో ఒకటి, పక్కన ప్రాసెసర్ వేగం కొలిచే సినీబెంచ్ స్కోరు, పైన ఒక్క ముక్క: "ర్యామ్ 6400కి ఎక్కించాను, రాక్ స్టేబుల్." ఎలా టెస్ట్ చేశావని అడిగితే "నిన్నటి నుంచి గేమ్ ఆడుతున్నా బ్రో, ఒక్కసారి కూడా క్రాష్ అవ్వలేదు" అని జవాబు. వెంటనే పదిమంది "టైమింగ్స్ పెట్టు, నేనూ అవే పెట్టుకుంటా" అని అడుగుతారు. టైమింగ్స్ అంటే ర్యామ్ ఒక్కో పనికి ఎన్ని సైకిళ్లు తీసుకోవాలో చెప్పే నంబర్లు. చూసి చూసి ఇక ఊరుకోలేక రాస్తున్నాను. పొడుగవుతుంది, ఓపిక చేసుకోండి.

ఓవర్‌క్లాకింగ్, అంటే చిప్‌లని కంపెనీ చెప్పిన వేగం కంటే ఎక్కువ మీద నడపడం, నాకు ప్రాణం. ఎవర్నీ మానమని చెప్పడం లేదు. నా గొడవంతా ఒక్కదాని గురించే. ర్యామ్ సెట్టింగులు మార్చి, సరిగ్గా టెస్ట్ చెయ్యకుండా, అదే మెషీన్ మీద ఫొటోలూ చదువూ ఆఫీసు పనీ నడిపించడం తప్పు. ఆ టెస్ట్ చెయ్యని నంబర్లనే ఇంకొకరి చేతిలో పెట్టడం అంతకంటే పెద్ద తప్పు.

ప్రాసెసర్‌ని మితిమీరి తోస్తే అది చాలావరకు బయటికే చెబుతుంది. బ్లూ స్క్రీన్ వస్తుంది, మెషీన్ రీస్టార్ట్ అవుతుంది, ప్రోగ్రాం దానంతటదే మూసుకుపోతుంది. ఏదో తేడా జరిగిందని మీకు తెలుస్తుంది, వెనక్కి తగ్గుతారు. ర్యామ్ అలా కాదు. కోట్లాది బిట్లలో ఒక్కటి తిరగబడుతుంది. ఆ బిట్ గేమ్‌లో ఒక రంగుదైతే ఒక ఫ్రేమ్‌లో మెరిసి మాయమవుతుంది. అదే బిట్ మీరు అప్పుడే కాపీ చేస్తున్న ఫైల్లోదైతే? ఆ తప్పు అలాగే డిస్క్ మీదికి వెళ్లి కూర్చుంటుంది. రేపు బ్యాకప్ తీస్తే బ్యాకప్‌లోకీ అదే వెళుతుంది. ఎక్కడా ఎర్రర్ మెసేజ్ ఉండదు.

ఇది కళ్లారా చూశాను. ఒక మిత్రుడి మెషీన్‌లో పెద్ద ఆర్కైవ్ ఒకటి ఓపెన్ చేస్తే సీఆర్‌సీ (ఫైల్ సరిగ్గా ఉందో లేదో చూసే లెక్క) ఎర్రర్ వస్తోంది. డౌన్‌లోడ్ పాడైందనుకుని మళ్లీ దింపుకున్నాడు, మళ్లీ అదే. నేను పక్కన కూర్చుని అదే ఆర్కైవ్‌ని వరసగా కొన్నిసార్లు ఎక్స్‌ట్రాక్ట్ చేయించాను. ఒకసారి ఒక ఫైల్ దగ్గర ఎర్రర్, ఇంకోసారి వేరే ఫైల్ దగ్గర, మరోసారి అసలు ఎర్రరే లేదు. డిస్క్ మీదున్న ఫైల్ పాడైతే ఎప్పుడూ ఒకేచోట ఆగాలి కదా! ఎర్రర్ చోటు మారుతోందంటే తేడా ఫైల్లో లేదు, దాన్ని మోస్తున్న దారిలో ఉంది. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెడితే కాసేపటికి ఎర్ర గీత పడింది. ఉండాల్సింది 00000000, చదివింది 00000400. ఒకే ఒక్క బిట్. గేమ్‌లు మాత్రం బ్రహ్మాండంగా నడుస్తున్నాయి. తర్వాత ఫోన్ నుంచి కాపీ చేసుకున్న ఫొటోలు ఒక్కొక్కటే తెరిచి చూస్తే, కొన్నిట్లో సగం దాకా బాగానే ఉండి అక్కణ్ణుంచి కింద రంగులన్నీ పక్కకి జరిగిపోయాయి. జేపెగ్‌లో ఒక్క బిట్ తప్పినా ఆ కిందదంతా అలా అయిపోవచ్చు. ఫోన్‌లో అసలువి ఎప్పుడో తీసేశాడు.

అందుకే "గేమ్ ఆడాను, ఏం కాలేదు" అన్నమాట వింటే నాకు కోపమొస్తుంది. గేమ్‌కి సరైన జవాబు ఏమిటో తెలియదు. వచ్చినదాన్ని తెర మీద గీసి ముందుకెళ్లిపోతుంది. ప్రైమ్95 లాంటి ప్రోగ్రాంకి అంత పేరెందుకొచ్చిందంటే, అది అసలు భారీ ప్రధాన సంఖ్యలు వెతకడానికి పుట్టింది. దాని టార్చర్ టెస్ట్‌లో లెక్కల జవాబులు ముందే తెలిసి ఉంటాయి. అంకె ఒక్కటి తేడా వచ్చినా పట్టుకుని ఆపేస్తుంది. పై (π) విలువని లెక్కించే వై-క్రంచర్ కూడా ఇలాగే తన లెక్క తనే సరిచూసుకుంటుంది. టెస్ట్ అంటే జవాబు సరిచూసేది. బరువు మోపి వదిలేస్తే అది టెస్ట్ అనిపించుకోదు.

ఈ స్కోర్ల పిచ్చి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ ప్రాసెసర్ వచ్చింది. ప్రాసెసర్‌ని మిగతా బోర్డుతో కలిపే 66 మెగాహెర్ట్జ్ బస్సుని 100 చేస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్ 450 మీద పరిగెత్తేది. యాభై శాతం ఊరికే వచ్చినట్టు! 2011లో ఇంటెల్ ఐ5-2500కే ప్రాసెసర్ 3.3 గిగాహెర్ట్జ్ అని వస్తే మామూలు కూలర్‌తోనే 4.5 దాకా తీసుకెళ్లినవాళ్లు బోలెడుమంది. ఆ రోజుల్లో కంపెనీలు అంత ఖాళీ వదిలేవి. ఇప్పుడు వదలడం లేదు. టర్బో పేరుతో ఏ కోర్ ఎంత దూరం వెళ్లగలదో ఫ్యాక్టరీలోనే కొలిచి, ఆ అంచు దగ్గరే నిలబెట్టి అమ్ముతున్నాయి. మనకి మిగిలింది మహా అయితే అయిదారు శాతం.

ఆ అయిదారు శాతానికి కట్టే మూల్యం చూడండి. ప్రాసెసర్ తాగే కరెంటు ఫ్రీక్వెన్సీతో నేరుగా, వోల్టేజ్‌తో వర్గం లెక్కన పెరుగుతుంది. 5.0 నుంచి 5.3 గిగాహెర్ట్జ్‌కి వెళ్లడానికి 1.25 వోల్టుల్ని 1.40 చేశారనుకోండి. వేగం 6 శాతం పెరిగింది. కరెంటు దాదాపు 33 శాతం పెరిగింది. ఆ వేడినంతా కూలర్ బయటికి తోయాలి. తొయ్యలేకపోతే చిప్పే వేగం తగ్గించుకుంటుంది, మొదటికే మోసం.

వోల్టేజ్‌తో ఆటలొద్దని ఈ నాలుగైదేళ్లలో రెండుసార్లు గట్టిగానే తెలిసొచ్చింది. 2023లో రైజెన్ 7000ఎక్స్‌3డీ చిప్‌లు కొన్ని సాకెట్‌లోనే కాలిపోయాక, చిప్‌లో మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి వెళ్లే ఎస్‌ఓసీ వోల్టేజ్ 1.3 దాటకుండా ఏఎండీ కొత్త ఫర్మ్‌వేర్ తెచ్చింది. 2024లో ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్‌లు ఎక్కువ వోల్టేజ్ వల్ల మెల్లమెల్లగా దెబ్బతింటున్నాయని తేలి, 0ఎక్స్129 అనే మైక్రోకోడ్‌తో (చిప్ లోపలి ప్రోగ్రాంతో) 1.55 వోల్టుల దగ్గర హద్దు పెట్టారు, వారంటీ రెండేళ్లు పొడిగించారు. ఆ చిప్‌లు వాడుతూ ఇప్పటికీ పాత బయోస్ (బోర్డు ఫర్మ్‌వేర్) మీదే ఉన్నవాళ్లు ఈ పోస్ట్ తర్వాత చదవొచ్చు, ముందు బయోస్ అప్‌డేట్ చేసుకోండి.

అందుకే ఇప్పుడు ప్రాసెసర్ విషయంలో నా ఓటు వోల్టేజ్ తగ్గించే అండర్‌వోల్టింగ్‌కే. రైజెన్‌లో కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగ్‌తో వోల్టేజ్ కాస్త దించితే వేడి తగ్గి, ఆ మిగులులో చిప్ తనే పైకి బూస్ట్ అవుతుంది. ఇక్కడా అదే జబ్బు. "ఆల్ కోర్ మైనస్ 30, సినీబెంచ్ పాస్" అంటారు, అంటే అన్ని కోర్లకీ వోల్టేజ్ ముప్ఫై మెట్లు దించారని. అన్ని కోర్లూ ఒకేసారి పనిచేస్తున్నప్పుడు ఫ్రీక్వెన్సీ తక్కువగానే ఉంటుంది. ఒక్క కోర్ మాత్రమే పైదాకా బూస్ట్ అయినప్పుడు వోల్టేజ్ చాలక పడిపోతుంది. అందుకే సినీబెంచ్‌లో నిలబడ్డ మెషీన్, బ్రౌజర్ తెరిచి ఊరికే కూర్చున్నప్పుడు రీస్టార్ట్ అవుతుంది. కోర్‌సైక్లర్ ఒక్కో కోర్‌నీ విడివిడిగా పరీక్షిస్తుంది, రాత్రి పెట్టి పడుకోండి. ఏ రెండు కోర్లూ ఒకేలా ఉండవు. ఒకటి మైనస్ 30 తట్టుకుంటే పక్కది మైనస్ 12 దగ్గరే చేతులెత్తేస్తుంది.

మళ్లీ ర్యామ్ దగ్గరికొస్తాను, అసలు గొడవ అక్కడే కనుక.

ర్యామ్ కంపెనీ ముందే నింపి ఇచ్చే ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో అనే వేగం ప్రొఫైళ్లు ఓవర్‌క్లాకింగ్ కిందికి రావని చాలామంది నమ్మకం. వస్తాయి. రైజెన్ 7000కి ఏఎండీ అధికారికంగా చెప్పిన వేగం డీడీఆర్5-5200. మీరు 6000 ఎక్స్‌పో ఆన్ చేసిన క్షణం నుంచి అది ఓవర్‌క్లాకే. ర్యామ్ స్టిక్ మీద 6000 అని రాసుంటే ఆ స్టిక్ తయారుచేసినవాళ్లు స్టిక్ గురించి హామీ ఇచ్చినట్టు. మీ ప్రాసెసర్‌లో ఉన్న మెమరీ కంట్రోలర్ గురించి వాళ్లకేం తెలుసు? పైగా నాలుగు స్లాట్లూ నింపితే అదే రైజెన్ 7000కి అధికారిక వేగం 3600కి పడిపోతుంది. రెండు స్టిక్‌లతో బాగా నడిచిన ప్రొఫైల్‌ని, ఇంకో రెండు గుచ్చి అలాగే వదిలేసేవాళ్లని చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

వేగం అంకె ఒక్కటే చూసి మురిసిపోవడం ఇంకో జాడ్యం. సీఎల్ అనేది అడిగిన డేటా ఇవ్వడానికి ర్యామ్ తీసుకునే సైకిళ్ల లెక్క. దాన్ని కాలంలోకి మార్చుకోవాలి: సీఎల్‌ని 2000తో గుణించి ర్యామ్ వేగంతో భాగిస్తే నానోసెకన్లు వస్తాయి. డీడీఆర్5-6000 సీఎల్30కి 10 నానోసెకన్లు. డీడీఆర్5-6400 సీఎల్40కి 12.5. పాత డీడీఆర్4-3200 సీఎల్16కి కూడా సరిగ్గా 10. బ్యాండ్‌విడ్త్ (సెకనుకి ఎంత డేటా కదులుతుందన్నది) వేరే సంగతి, అది డీడీఆర్5కి ఎక్కువే. కానీ 6400 అని రాసుంది కనుక అన్నిట్లోనూ మెరుగన్నది ఉత్తమాట. రైజెన్‌లోనైతే మరీ పైకి వెళ్తే మెమరీ కంట్రోలర్ ర్యామ్ క్లాక్‌తో సమానంగా నడవలేక సగం వేగానికి దిగుతుంది, అప్పుడు పెంచిన వేగం లేటెన్సీలో (డేటా కోసం ఆగే సమయంలో) హరించుకుపోతుంది. చాలామంది 6000 దగ్గర ఆగేది అందుకే.

నిజమైన రుచి సీఎల్ లాంటి మొదటి వరస తర్వాత వచ్చే సెకండరీ టైమింగ్స్‌లో ఉంది, ప్రమాదమూ అక్కడే ఉంది. ర్యామ్‌లో ప్రతి బిట్టూ ఒక చిన్న కెపాసిటర్‌లో దాచిన చార్జి. చిల్లు కుండలో నీళ్లలా అది కారిపోతూ ఉంటుంది, మళ్లీ మళ్లీ నింపాలి. ఆ నింపడమే రిఫ్రెష్. ఒక్కో రిఫ్రెష్‌కి పట్టే సమయం టీఆర్‌ఎఫ్‌సీ, రెండు రిఫ్రెష్‌ల మధ్య విరామం టీఆర్‌ఈఎఫ్‌ఐ. రిఫ్రెష్ జరుగుతున్నంతసేపూ ర్యామ్‌లోని ఆ భాగాలు డేటా ఇవ్వవు కాబట్టి మొదటిది తగ్గించి రెండోది పెంచితే లేటెన్సీ దిగుతుంది. కొలిస్తే తేడా స్పష్టంగా కనిపిస్తుంది, ఒప్పుకుంటాను.

ఇప్పుడు అందరూ ఇచ్చే సలహా ఏమిటి? "టీఆర్‌ఈఎఫ్‌ఐ 65535 పెట్టెయ్." లెక్క వేసి చూశారా? డీడీఆర్5 ప్రమాణం ప్రకారం ఆ విరామం 3.9 మైక్రోసెకన్లు. 6000 ర్యామ్‌కి అసలు క్లాక్ 3000 మెగాహెర్ట్జ్, అంటే 11700 సైకిళ్లు. 65535 సైకిళ్లంటే దాదాపు 21.8 మైక్రోసెకన్లు. ప్రతి బిట్టూ మామూలు కంటే అయిదున్నర రెట్లు ఎక్కువసేపు చార్జి నిలుపుకోవాలి. చాలా చిప్‌లు నిలుపుకుంటాయి, చల్లగా ఉన్నప్పుడు. వేడెక్కేకొద్దీ కారడం ఎక్కువవుతుంది. ప్రమాణంలోనే 85 డిగ్రీలు దాటితే రిఫ్రెష్ రెట్టింపు తరచుగా చెయ్యాలని ఉంది, అదీ మామూలు సెట్టింగులతో. మీరు గ్రాఫిక్స్ కార్డ్ ఖాళీగా ఉన్నప్పుడు ర్యామ్ టెస్ట్ పెట్టి పాస్ అయ్యారు. గేమ్ మొదలయ్యాక ఆ కార్డు వదిలే వేడంతా నేరుగా స్టిక్‌ల మీదికే వస్తుంది. అప్పుడు ఆ 65535 నిలబడుతుందో లేదో మీరు చూడనేలేదు.

"డీడీఆర్5లో ఈసీసీ ఉందిగా, అదే సరిదిద్దుకుంటుంది" అని ఇంకో వాదన. ఈసీసీ అంటే తప్పుల్ని పట్టి సరిదిద్దే ఏర్పాటు. ఇక్కడ ఉన్నది చిప్ లోపలి ఆన్-డై ఈసీసీ. చిప్‌లో తిరగబడ్డ ఒక్క బిట్‌ని సరిచేస్తుంది. చిప్ నుంచి ప్రాసెసర్ దాకా వచ్చే దారిలో జరిగే తప్పులకి దానితో సంబంధం లేదు. మనం ఫ్రీక్వెన్సీ పెంచినప్పుడు ముందు ఒత్తిడి పడేదీ ఆ దారి మీదే. సర్వర్లలో వాడే అసలు ఈసీసీ వేరు.

మరి ఎలా చెయ్యాలి? ముందు ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరే డిస్క్ మీదికి తీసి, ఆ డిస్క్ ఊడదీసి పక్కన పెట్టండి. ప్రాసెసర్‌ని స్టాక్‌లో (కంపెనీ సెట్టింగుల్లో) వదిలి ర్యామ్ ఒక్కటే ముట్టుకోండి, రెండూ ఒకేసారి కదిపితే తప్పు ఎవరిదో తేలదు. ఒకసారికి ఒక్క టైమింగ్. మార్చిన ప్రతిసారీ విండోస్‌లోకి వెళ్లకముందే పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86. ర్యామ్ బాగా లేకుండా విండోస్ లోడ్ చేస్తే విండోస్ ఫైళ్లే పాడవ్వొచ్చు. అది దాటాక కఠినమైన కాన్ఫిగ్‌తో టెస్ట్‌మెమ్5 అనే ర్యామ్ టెస్ట్, ఆ తర్వాత వై-క్రంచర్‌లో వీటీ3 అనే టెస్ట్. చివర్లో గ్రాఫిక్స్ కార్డుకి కూడా పని అప్పగించి, కేసు మూత వేసి, వేడిగా ఉండగా మళ్లీ. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి వీయా-లాగర్ (హార్డ్‌వేర్ తప్పుల చిట్టా) ఎర్రర్లు ఉన్నాయేమో చూడండి. సరిదిద్దబడిన ఎర్రర్ అని రాసున్నా సరే, అది ఎర్రరే. ఎక్కడైనా ఒక్కటి వస్తే వెనక్కి. "ఎనిమిది గంటల్లో ఒక్కటేగా వచ్చింది" అనే మాట నేను ఒప్పుకోను.

ఇంత కష్టం ఎందుకంటారా, మీకు అక్కర్లేకపోతే మానేయండి, దాంట్లో చిన్నతనం లేదు. 7800ఎక్స్‌3డీ లాంటి 96 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) ఉన్న చిప్ మీ దగ్గరుంటే చాలా గేమ్‌లలో ర్యామ్ టైమింగ్స్ వల్ల వచ్చే లాభం కొద్దిపాటిదే. కావలసిన డేటా ఎక్కువసార్లు క్యాష్‌లోనే దొరికిపోతుంది. అలాంటివాళ్లు ఎక్స్‌పో ఆన్ చేసి, ఒక రాత్రి టెస్ట్ చేసి వదిలేస్తే చాలు.

చేసేవాళ్లకి నా విన్నపం ఇది. నంబర్లు షేర్ చేసేటప్పుడు బోర్డు పేరు, బయోస్ వెర్షన్, ర్యామ్ చిప్ ఎవరిది, వీడీడీ (ర్యామ్ వోల్టేజ్), ఎస్‌ఓసీ వోల్టేజ్, టెస్ట్ నడుస్తున్నప్పుడు స్టిక్‌ల ఉష్ణోగ్రత, ఏ టెస్ట్ ఎంతసేపు నడిచిందీ రాయండి. ఇవేవీ లేకపోతే స్టేబుల్ అని రాయకండి, "బూట్ అయింది" అని రాయండి. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు ఎవరైనా నన్ను టైమింగ్స్ అడిగితే నావి ఇవ్వను. మీ స్టిక్‌ల మీద ఏ చిప్‌లున్నాయో చెప్పండి, ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను. టెస్ట్‌లో ఎర్రర్ వస్తే ఆ లైన్ పంపండి, దేన్ని వెనక్కి తియ్యాలో కలిసి చూద్దాం.