చెట్టు కొట్టేసి ప్లానింగ్‌కి వెళ్ళమనే సలహాలో ఎన్ని తప్పులు!

ఇంగ్లండ్‌లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళ మధ్య ఒక సలహా తెగ తిరుగుతూ ఉంటుంది. ఒక్కొక్కరు ఒక్కో మాటలో చెప్పినా సారం ఇదే: "ఎక్స్‌టెన్షన్ వేయాలన్నా, ఖాళీ స్థలంలో ఇల్లు కట్టాలన్నా ముందు చెట్టు కొట్టేయండి, తర్వాత ప్లానింగ్‌కి, అంటే కట్టుకునే అనుమతికి, అప్లికేషన్ పెట్టండి. మన స్థలంలో చెట్టు మనది. పక్కింటి చెట్టుతో మనకు పనిలేదు. ట్రీ సర్వే అంటే కన్సల్టెంట్లకు డబ్బులు పోయడమే, చెట్లు కొట్టేవాళ్ళే ఉచితంగా ఒక లెటర్ రాసిస్తారు. ప్లానింగ్ వచ్చిందంటే టీపీవో కూడా పోతుంది."

ఇందులో నిజమెంతో ముందే ఒప్పుకుందాం. చెట్టు మీద ట్రీ ప్రిజర్వేషన్ ఆర్డర్ (టీపీవో, అంటే తన అనుమతి లేకుండా ఆ చెట్టును ముట్టుకోవద్దని స్థానిక కౌన్సిల్ ఇచ్చే ఆర్డర్) లేదు, ఇల్లు కన్జర్వేషన్ ఏరియాలో (పాతదనం, అందం కాపాడాలని గుర్తించిన ప్రాంతంలో) లేదు, పాత ప్లానింగ్ అనుమతిలో ఆ చెట్టును ఉంచాలనే షరతు లేదు, కొన్నప్పటి పత్రాల్లో నిషేధమూ లేదు. అలాంటప్పుడు పెరట్లో చెట్టు కొట్టడానికి సాధారణంగా ఎవరినీ అడగక్కర్లేదు. మిగతాదంతా తప్పే.

"మన చెట్టు, మన ఇష్టం"

మన ఊళ్ళోనే ఇది చెల్లదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం సొంత స్థలంలోని చెట్టుకూ అనుమతి అడుగుతుంది. ఇంగ్లండ్‌లో ఇంకా గట్టిగా ఉంటుంది. కౌన్సిల్ టీపీవో ఇచ్చిన రోజు నుంచే తాత్కాలికంగా అమలు చేయొచ్చు. ఖరారు చేయడానికి 6 నెలల గడువుంటుంది. అంటే నిన్న లేని ఆర్డర్ ఇవాళ ఉండొచ్చు. రంపం శబ్దం విని పక్కింటివాళ్ళు ఫోన్ చేస్తే ఆ మధ్యాహ్నానికే ఆర్డర్ చేతికొచ్చినా ఆశ్చర్యం లేదు.

కన్జర్వేషన్ ఏరియాలో నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో కాండం వ్యాసం 75 మిల్లీమీటర్లు దాటిన చెట్టును ముట్టుకోవాలంటే 6 వారాల ముందు నోటీసు ఇవ్వాలి. 75 మిల్లీమీటర్లంటే చేతి మణికట్టుకంటే కాస్త లావు, అంతే. చాలామంది అలాంటిదాన్ని చెట్టుగా కూడా లెక్కపెట్టరు, అక్కడే ఇరుక్కుంటారు.

రక్షణ ఉన్న చెట్టును కూల్చితే జరిమానాకు గరిష్ఠ పరిమితి లేదు. ఆ పనివల్ల స్థలం విలువ ఎంత పెరిగిందో కూడా కోర్టు చూస్తుంది. కొట్టినవాడే కాదు, కొట్టించినవాడూ బాధ్యుడే. పైగా అదే చోట మళ్ళీ చెట్టు నాటాల్సిన బాధ్యత స్థల యజమానిది, కాబట్టి ఇల్లు అమ్మేసినా అది కొన్నవాళ్ళ నెత్తిన పడుతుంది. పెరడు కాని ఖాళీ స్థలమైతే 1967 ఫారెస్ట్రీ చట్టం కూడా ఉంది: మూడు నెలల క్యాలెండర్ త్రైమాసికంలో 5 ఘనమీటర్ల కలప దాటితే ఫెల్లింగ్ లైసెన్స్ (చెట్లు కొట్టే అనుమతి) కావాలి. ఇక గూడుకట్టిన పక్షులకు, గబ్బిలాలకు చట్టరక్షణ ఉంది. గబ్బిలాలు ఆ సమయానికి లేకపోయినా వాటి నివాసపు తొర్రకు రక్షణ ఉంటుంది.

"కొట్టేశాక చెట్టు లెక్కలోకి రాదు"

ఈ మాటే అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే నష్టం కనిపించేది చాలా ఆలస్యంగా.

బయోడైవర్సిటీ నెట్ గెయిన్ (కట్టాక ప్రకృతికి మేలే మిగలాలన్న నిబంధన) వర్తించే నిర్మాణాల్లో స్థలానికి ముందున్న జీవవైవిధ్య విలువకంటే 10 శాతం ఎక్కువ చూపించాలి. ఆ "ముందు" ఎప్పటిదో తెలుసా? 2020 జనవరి 30న గానీ ఆ తర్వాత గానీ ప్లానింగ్ అనుమతి లేకుండా చేసిన పని వల్ల ఆ విలువ తగ్గితే, తగ్గకముందున్న విలువనే తీసుకుంటారు. పాత ఉపగ్రహ చిత్రాలు, వీధి ఫోటోలు అందరికీ అందుబాటులోనే ఉన్నాయి, కొట్టేసిన చెట్టు మొదలు ఎలాగూ భూమిలోనే ఉంటుంది. మామూలు ఇంటి ఎక్స్‌టెన్షన్లకు ఈ నిబంధన వర్తించదు, ఇంకొన్ని మినహాయింపులూ ఉన్నాయి. కానీ ఈ సలహాను నమ్మి చెట్లు కొట్టేది ఎక్కువగా ఖాళీ స్థలం కొన్నవాళ్ళే.

అంతకంటే పెద్దది మట్టి. గుంటూరు, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి తెలిసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు: ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలు, వాన పడగానే ఉబ్బడం. లండన్ చుట్టుపక్కల బంకమన్నుదీ ఇదే స్వభావం. ఓక్, పోప్లర్, విల్లో, యూకలిప్టస్ లాంటి చెట్లు ఆ మన్నులోంచి ఏళ్ళ తరబడి నీళ్ళు లాగి దాన్ని ఎండబెట్టి ఉంచుతాయి. చెట్టు కొట్టేశాక నీళ్ళు తిరిగొస్తాయి, మన్ను మెల్లగా ఉబ్బుతుంది. ఈ ఉబ్బడం కొన్నేళ్ళు సాగొచ్చు. కొత్త పునాది ఆ మధ్యలో పడితే స్లాబు కిందనుంచి పైకి లేస్తుంది. గోడ కుంగితే పగులు వచ్చినట్టే, లేచినా వస్తుంది.

అందుకే కొత్త ఇళ్ళకు వారంటీ ఇచ్చే ఎన్‌హెచ్‌బీసీ ప్రమాణాల్లో 4.2 అధ్యాయం పునాది లోతు లెక్కకు చెట్టు జాతి, ఎత్తు, దూరం అడుగుతుంది. ఉన్న చెట్టువే కాదు, తీసేసిన చెట్టువి కూడా. లోతు 2.5 మీటర్లు దాటితే ఇంజనీర్ డిజైన్ తప్పదు. సర్వే లేకుండా కొట్టేశారనుకోండి, ఇంజనీర్ అడిగే మొదటి ప్రశ్నకే జవాబుండదు: "అది ఏ చెట్టు, ఎంత ఎత్తుండేది?" తెలియనప్పుడు ఎవరైనా భద్రం కోసం చెడ్డ అంచనానే తీసుకుంటారు. సర్వేకు మిగిలిన డబ్బు కాంక్రీటులో పోతుంది.

"పక్కింటి చెట్టుతో మనకేం పని?"

ఇంటి ఎక్స్‌టెన్షన్ లాంటివాటికి పెట్టే హౌస్‌హోల్డర్ అప్లికేషన్ ఫారంలోనే ఉంది ప్రశ్న: మీ స్థలంలో గానీ పక్క స్థలంలో గానీ, పడితే కట్టడాన్ని తాకేంత దూరంలో చెట్లు, కంచె మొక్కలు ఉన్నాయా అని. "లేవు" అని టిక్ పెట్టాక అధికారి వచ్చి చూస్తే దస్త్రం అక్కడే ఆగుతుంది.

ఎందుకు అడుగుతారో లెక్క చూస్తే తెలుస్తుంది. నిర్మాణాల దగ్గరి చెట్ల విషయంలో ఇంగ్లండ్‌లో వాడే బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 5837:2012. దీని ప్రకారం వేళ్ళ రక్షణ ప్రాంతం వ్యాసార్థం అంటే 1.5 మీటర్ల ఎత్తులో కాండం వ్యాసానికి 12 రెట్లు. గరిష్ఠం 15 మీటర్లు. పక్కింటి ఓక్ చుట్టుకొలత టేపుతో 188 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. 3.14తో భాగిస్తే వ్యాసం 60 సెంటీమీటర్లు. 12 రెట్లు అంటే 7.2 మీటర్లు, వైశాల్యం సుమారు 163 చదరపు మీటర్లు. ఆ మాను కంచెకు 2 మీటర్ల అవతల ఉన్నా 5.2 మీటర్ల మేర మన పెరట్లోకి వచ్చినట్టే. ఎక్స్‌టెన్షన్ గీసేది సరిగ్గా అక్కడే కదా.

సొంతంగా కొలిచేవాళ్ళు తరచుగా చేసే తప్పు ఇక్కడే: చుట్టుకొలతనే వ్యాసం అనుకుని 188ని 12తో గుణిస్తారు. 22 మీటర్లు దాటుతుంది, స్థలమంతా వేళ్ళే అనిపించి గుండె జారుతుంది. రెండో తప్పు, నేల దగ్గరే పలు కాండాలుగా చీలిన మాను. 200 మిల్లీమీటర్ల కాండాలు మూడుంటే 600 అని కూడకూడదు. ఒక్కోదాని వర్గం తీసి, కూడి, వర్గమూలం తీయాలి: సుమారు 346. వ్యాసార్థం 7.2 కాదు, 4.15 మీటర్లు. మూడు మీటర్ల తేడాలో ఒక గది పడుతుంది!

వేళ్ళ రక్షణ ప్రాంతపు ఆ గుండ్రం రాతిగీత కూడా కాదు. ఒకవైపు పాత ఇంటి లోతైన పునాదో రోడ్డో ఉండి వేళ్ళు అటు వెళ్ళే వీల్లేదంటే, వైశాల్యం తగ్గించకుండా ఆకారం మార్చొచ్చు. దానికి కారణం రాసి నిలబెట్టగలిగే మనిషి కావాలి.

"చెట్లు కొట్టేవాళ్ళు లెటర్ రాసిస్తారు"

చెట్టెక్కి కొమ్మ కోసే పనిలో వాళ్ళను మించినవాళ్ళు లేరు. కానీ "ఈ చెట్టు ప్రమాదకరం, తీసేయాలి" అన్న మూడు వాక్యాల లెటర్‌కు ప్లానింగ్‌లో విలువ తక్కువ. తీసేస్తే కూలి వచ్చేది కూడా ఆ రాసినవాళ్ళకే అని అధికారికి తెలియదా?

కౌన్సిల్ చూసేది ట్రీ సర్వే. టోపోగ్రాఫికల్ సర్వే (స్థలం కొలతల పటం) మీద సరైన చోట గుర్తుపెట్టిన ప్రతి చెట్టుకూ నంబరు, జాతి, ఎత్తు, కాండం వ్యాసం, నాలుగు దిక్కుల్లో కొమ్మల విస్తీర్ణం, నేల నుంచి మొదటి పెద్ద కొమ్మ ఎత్తు, వయసు దశ, ఆరోగ్యం, నిర్మాణపు లోపాలు, ఇంకా ఎన్నేళ్ళు పనికొస్తుందన్న అంచనా, చివరికి ఎ (మేలైనది), బి (మధ్యస్థం), సి, యు తరగతుల్లో ఒకటి. పక్కవాళ్ళ స్థలంలోకి వెళ్ళలేక అంచనా వేసిన కొలత ఉంటే అది అంచనా అని రాయాలి. రాయకపోతే తర్వాత ఎవరో ఒకరు టేపు పట్టుకుని తప్పు చూపిస్తారు. ఇది చేసేవాళ్ళను ఆర్బోరికల్చరల్ అసోసియేషన్ (చెట్ల నిపుణుల సంఘం) రిజిస్టర్డ్ కన్సల్టెంట్ల జాబితాలోనో, చార్టర్డ్ ఆర్బోరికల్చరిస్టుల్లోనో వెతకొచ్చు.

"సర్వే చేయిస్తే చెట్టే గెలుస్తుంది"

చాలాసార్లు దీనికి ఉల్టా. "యు" అంటే పదేళ్ళ లోపే పోయే చెట్టు, డిజైన్‌కు అడ్డమే కాదు. డైబ్యాక్ తెగులు ముదిరిన యాష్ చెట్లు తరచుగా ఇందులోకే వస్తాయి. "సి" అంటే నాసి చెట్టు, లేదా కాండం 150 మిల్లీమీటర్ల లోపు చిన్నది. కంచె పొడవునా పెరిగిన లేలాండియై (సైప్రస్ రకం కంచె చెట్లు) వరుస లాంటివి సాధారణంగా ఇక్కడ పడతాయి. వీటికోసం మంచి డిజైన్ మార్చమని పట్టుబట్టడం అరుదు. పోరు ఎ, బి చెట్ల దగ్గరే. కాగితం మీద "సి" అని రుజువైన చెట్టును పగటిపూట, అనుమతితో తీసేయొచ్చు. ఇంతకూ సర్వే ఆర్కిటెక్ట్ గీత గీయకముందు జరగాలి. ప్లాను ఖరారయ్యాక పిలిస్తే కన్సల్టెంట్ చేసేది చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

"ప్లానింగ్ వస్తే టీపీవో పోతుంది"

ఫుల్ ప్లానింగ్ అనుమతి అయితే, దాన్ని అమలు చేయడానికి తప్పనిసరైన పని మేరకు మాత్రమే. అవుట్‌లైన్ అనుమతికి (వివరాలు తేలకముందు ఇచ్చే ప్రాథమిక అనుమతికి) ఇది వర్తించదు. అనుమతే అక్కర్లేని పర్మిటెడ్ డెవలప్‌మెంట్‌కూ వర్తించదు. పెరట్లో గది వేసుకోవడానికి ప్లానింగ్ అక్కర్లేదని, టీపీవో ఉన్న చెట్టు వేళ్ళు నరికి పునాది తవ్వితే నేరమే. దానికి విడిగా దరఖాస్తు పెట్టాలి. ఫీజు లేదు, గడువు 8 వారాలు.

"రిపోర్టు అప్‌లోడ్ చేశాం, పనైపోయింది"

అనుమతి పత్రంలో "పని మొదలుపెట్టకముందే" అన్న షరతులు చదవండి. సాధారణంగా చెట్ల రక్షణ ప్లాను, పని విధానం ఆమోదించుకుని, ఫెన్సింగు వేశాకే సైటులోకి మిషను రావాలి. ఫెన్సింగంటే నారింజ రంగు ప్లాస్టిక్ వల కాదు. స్కాఫోల్డ్ పైపుల చట్రం, నిలువు పైపులు 3 మీటర్లకు మించని దూరంలో, కనీసం 0.6 మీటర్లు భూమిలోకి దించి, దానికి వెల్డ్‌మెష్ ప్యానెళ్ళు.

చెట్టు చచ్చేది రంపంతో కాదు. వేళ్ళలో ఎక్కువభాగం పైన 600 మిల్లీమీటర్ల మట్టిలోనే ఉంటాయి. రెండు రోజులకని ఫెన్సింగు జరిపి ఇటుకలు దింపుతారు, డంపరు నాలుగుసార్లు తిరుగుతుంది, మట్టి గట్టిపడి గాలి అందదు. మిక్సరు కడిగిన సిమెంటు నీళ్ళు అక్కడే పారబోస్తారు. డ్రైనేజీ కందకం, సోక్‌అవే (వాననీళ్ళు ఇంకే గుంత) ఎటు వెళ్తాయో చెట్ల ప్లాను మీద ఎవరూ గీయరు, ప్లంబరు దగ్గరిదారి చూసుకుంటాడు. వేళ్ళ రక్షణ ప్రాంతంలో తవ్వడానికి ఆమోదం ఉన్నా చేత్తోనే తవ్వాలి. 25 మిల్లీమీటర్ల లోపు వేరును పదునైన పనిముట్టుతో శుభ్రంగా కోయొచ్చు. అంతకంటే లావు వేరు తగిలితే పార పక్కన పెట్టి, తడి గోనెపట్టా కప్పి, కన్సల్టెంట్‌కి ఫోన్ చేయాలి.