రంగుకు అర్థం కన్నా పొరుగే ముఖ్యం

యానిమేషన్ నేర్చుకోవడం మొదలుపెట్టగానే ఎవరో ఒకరు ఒక పట్టిక చేతిలో పెడతారు. ఎరుపు కోపం, నీలం దిగులు, ఆకుపచ్చ ప్రశాంతత. చదవడానికి బాగానే ఉంటుంది గానీ, దాన్ని నమ్ముకుని షాట్లకు రంగులు వేస్తే పని చెడుతుంది. ముప్పావు వంతు ఎర్రగా నడిచిన సినిమాలో ఇంకో ఎర్రటి షాట్ ఏ కోపాన్నీ చెప్పదు. అంతసేపూ బూడిదరంగులో సాగిన కథలో ఒక్క ఎర్ర గాలిపటం లేస్తే మాత్రం కళ్లన్నీ దాని మీదే. రంగు బలమంతా పక్కనున్న రంగులోనూ, అంతకుముందు వెళ్లిపోయిన షాట్‌లోనూ ఉంటుంది.

ఇది పాత సంగతే. పారిస్‌లో గోబెలిన్స్ నేతశాల అద్దకాలు చూసే రసాయన శాస్త్రవేత్త మిషెల్ షెవ్రల్ దగ్గరికి, నల్ల దారం వెలసినట్టుందని ఫిర్యాదులొచ్చాయి. చూస్తే అద్దకంలో లోపమేమీ లేదు. పక్కన నేసిన దారాల రంగులే నలుపును అలా చూపిస్తున్నాయి. దాని మీద ఆయన 1839లో పెద్ద పుస్తకమే వేశాడు. యానిమేషన్‌లో ఇది ఎక్కువగా బయటపడేది రాత్రి షాట్లలో. నీలి నేపథ్యం మీద ముఖానికి బూడిదరంగు వేసినా కంటికి చర్మంలాగే తోస్తుంది. పగటి షాట్‌లోని చర్మపు రంగును యథాతథంగా తెచ్చి పెడితే ముఖం నారింజపండులా వెలిగి, పాత్రను కత్తిరించి అంటించినట్టుంటుంది. అందుకే ఒక్కో పాత్రకు పగలు, సాయంత్రం, రాత్రి, వాన అంటూ వేరువేరు కలర్ మోడళ్లు, అంటే ఏ భాగానికి ఏ రంగో చెప్పే నమూనా బొమ్మలు, తయారుచేసుకోవాలి. ఒక్కటే పాలెట్ పెట్టుకుని, చివర్లో పాత్రలనూ నేపథ్యాన్నీ కలిపే కంపోజిటింగ్‌లో ఫిల్టర్‌తో సర్దేద్దామనుకోవడం బద్ధకం తప్ప పొదుపు కాదు.

ఇంతకన్నా పెద్ద తప్పు ఇంకోటుంది. హ్యూ, అంటే ఎరుపా నీలమా అన్నది, ఎంచుకోవడానికి గంటలు పోసేవాళ్లు వాల్యూని, అంటే రంగు ఎంత లేతో ఎంత ముదురో, అసలు పట్టించుకోరు. షాట్ తెర మీద రెండు మూడు సెకన్లుంటుంది. ఆ కాస్తలో పాత్ర ఎక్కడుందో కన్ను పట్టేది ముందు వెలుగునీడల తేడాతోనే. ఇక్కడ సాఫ్ట్‌వేరే మోసం చేస్తుంది. కలర్ పికర్‌లో శుద్ధ పసుపుకీ శుద్ధ నీలానికీ బ్రైట్‌నెస్ 100 అనే చూపిస్తుంది. హెచ్‌డీ వీడియో ప్రమాణం లెక్కలో మాత్రం వెలుగులో ఆకుపచ్చ వాటా దాదాపు 71.5 శాతం, ఎరుపుది 21.3, నీలానిది 7.2. ఎరుపు, ఆకుపచ్చ కలిసిన పసుపు 93 దగ్గర ఉంటే, నీలం 7 దగ్గర కూర్చుంటుంది. ఫోటోషాప్‌లో రంగు తీసేసే డీసాచురేట్ నొక్కి చూసుకున్నా లాభం లేదు. శుద్ధ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ అది ఒకే బూడిదరంగు చేసేస్తుంది. అన్నిటికంటే పైన ఒక లేయర్ వేసి, నలుపుతో నింపి, బ్లెండ్ మోడ్‌ని (లేయర్ కిందివాటితో కలిసే తీరుని) కలర్‌కి మార్చండి, బొమ్మంతా నలుపు తెలుపులో కనిపిస్తుంది. దాన్ని ఆన్ ఆఫ్ చేస్తూ పని చేసుకోండి. నలుపు తెలుపులో పాత్ర నేపథ్యంలో కలిసిపోతోందంటే ఏ హ్యూ మార్చినా ప్రయోజనం ఉండదు. ఎరుపు ఆకుపచ్చ తేడా సరిగా తెలియని ప్రేక్షకులు ప్రతి హాల్లోనూ కొందరుంటారు, వాళ్లకి దారి చూపేది కూడా ఈ వెలుగునీడల తేడానే.

నీడల దగ్గర చాలామంది చేసేది, కింది రంగును ముదురు చేసే మల్టిప్లై లేయర్‌లో నలుపు వేయడం. బొమ్మకు మసి పట్టినట్టవుతుంది. నీడలో నీలం ఉండాలని ఎక్కడో విని నేరుగా నీలం వేసేవాళ్లూ ఉన్నారు. చర్మపు రంగు నారింజ వైపుది, నీలం దానికి ఎదురు రంగు. మల్టిప్లైలో రెండూ ఒకదాన్నొకటి చంపుకుని పాలిపోయిన ముఖం తేలుతుంది. కాస్త గులాబీ కలిసిన ఊదాతో మొదలుపెట్టి, లేయర్ ఎంత గాఢంగా కనిపించాలో చెప్పే ఓపాసిటీని 30 నుంచి 50 శాతం మధ్య ఆడించి చూడటం మేలు.

ఇక కలర్ స్క్రిప్ట్, అంటే కథ సాగేకొద్దీ రంగులెలా మారతాయో వరుసగా చూపే చిన్న బొమ్మలు. 1995లో వచ్చిన టాయ్ స్టోరీకి ఆర్ట్ డైరెక్టర్ రాల్ఫ్ ఎగల్‌స్టన్ పాస్టెల్స్‌తో గీసిన కలర్ స్క్రిప్ట్ పేరుపొందింది. ఐదు నిమిషాల చిత్రమైతే అగ్గిపెట్టె సైజు బొమ్మలు ఇరవై ముప్పై చాలు. ముఖాలు, వివరాలు అక్కర్లేదు, రంగు ముద్దలే. అన్నీ ఒకే కాగితం మీద వరుసగా పేర్చి నాలుగడుగులు వెనక్కి జరిగి చూస్తే, ఎక్కడ రంగు పొంగుతోందో, ఎక్కడ చప్పబడుతోందో ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఎక్కువమంది స్క్రిప్టుల్లో కనిపించే జబ్బు ఒకటే: మొదటి బొమ్మ నుంచే సాచురేషన్, అంటే రంగు గాఢత, తారస్థాయిలో ఉంటుంది. పతాక సన్నివేశం వచ్చేసరికి స్లైడర్ ఇంకా జరపడానికి చోటుండదు. అప్పుడు చేయాల్సింది చివరి బొమ్మలకు రంగు పెంచడం కాదు, ముందున్న పదిహేను బొమ్మలకు తగ్గించడం.