రీడింగ్ కాంప్రహెన్షన్‌లో మార్కులు పోయేది వేగం దగ్గర కాదు

"క్వాంట్ పర్లేదు సార్, వెర్బల్ దగ్గరే దెబ్బపడుతోంది." ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్‌కి ప్రిపేరయ్యే మన ఇంజినీరింగ్ పిల్లల నోట నేను ఎక్కువగా వినే మాట ఇదే. క్వాంట్ అంటే లెక్కల సెక్షన్, వెర్బల్ అంటే ఇంగ్లిష్ సెక్షన్. ఈ పరీక్షతో సీట్లిచ్చే మేనేజ్‌మెంట్ విద్యాసంస్థలు ఐఐఎంలు మొత్తం పర్సెంటైల్‌తో పాటు ఒక్కో సెక్షన్‌కు విడిగా కటాఫ్ పెడతాయి. కాబట్టి లెక్కల్లో ఎంత బాగా చేసినా ఈ గండం దాటక తప్పదు. కొన్నేళ్లుగా వెర్బల్‌లో వస్తున్న 24 ప్రశ్నల్లో 16 రీడింగ్ కాంప్రహెన్షన్‌వే, పాసేజ్ చదివి జవాబు చెప్పాల్సినవే. అంటే 72 మార్కుల్లో 48 నాలుగు పాసేజ్‌ల మీదే ఆధారపడి ఉన్నాయి.

మార్కులు తగ్గగానే పిల్లలు వేగం మీద పడతారు. స్పీడ్ రీడింగ్ వీడియోలు చూస్తారు. ఒక్కసారి లెక్క వేసి చూడండి. సెక్షన్‌కు 40 నిమిషాలు. అందులో 28 నిమిషాలు పాసేజ్‌లకు ఇస్తే ఒక్కోదానికి ఏడు నిమిషాలు వస్తాయి. పాసేజ్ సుమారు 500 పదాలు ఉంటుంది. నిమిషానికి 200 పదాలు చదివే మామూలు విద్యార్థికి అది రెండున్నర నిమిషాల పని. ప్రశ్నలకు ఇంకా నాలుగున్నర నిమిషాలు మిగులుతాయి. వేగం రెట్టింపు చేసుకున్నా మిగిలేది మరో నిమిషం పైచిలుకు మాత్రమే. ఆ నిమిషం కోసం అర్థాన్ని వదులుకుంటే, రెండోసారి పాసేజ్ చదవడానికే అంతకు మించిన టైమ్ పోతుంది.

అసలు మార్కులు పోయేది ఆప్షన్ల దగ్గర. ఒక ఉదాహరణ చెబుతాను. "యంత్రమగ్గాల వల్లే చేనేత దెబ్బతిందనే చరిత్రకారులు నూలు ధరల సంగతి పట్టించుకోలేదు" అని ఒక రచయిత వాదించాడనుకుందాం. ఆయన ఏ మాటతో ఏకీభవిస్తాడు అన్నది ప్రశ్న. "యంత్రమగ్గాలు చేనేతను దెబ్బతీశాయి" అనేది ఒక ఆప్షన్. అది మనం చిన్నప్పటి నుంచి విన్నమాట, లోకానికి తెలిసిన మాట కాబట్టి చెయ్యి అటే పోతుంది. "యంత్రమగ్గాల వల్ల చేనేతకు ఏ నష్టమూ జరగలేదు" అనేది మరొకటి. రచయిత అంత దూరం వెళ్లలేదు. "నూలు ధరలు చూడకుండా చేనేత పతనాన్ని పూర్తిగా వివరించలేం" అనేదే సరైన జవాబు. మనకు తెలిసిన నిజాన్ని పక్కన పెట్టి, ఎదుటి మనిషి సరిగ్గా ఎంతవరకు అన్నాడో అంతవరకే పట్టుకోవడం ఇక్కడి పరీక్ష. తప్పు జవాబు పెడితే, సరైనదానికి వచ్చే మూడు మార్కులు రాకపోగా, ఇంకో మార్కు కోత పడుతుంది.

ఇది ఇంగ్లిష్ సమస్య అని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయంలో అది సగమే నిజం. 1988లో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో స్కూలు పిల్లలకు బేస్‌బాల్ ఆట గురించిన కథనం ఇచ్చి చదివించారు. చదవడంలో వెనకబడినా ఆట బాగా తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగినా ఆట తెలియని పిల్లల కంటే ఎక్కువ అర్థం చేసుకున్నారు. క్యాట్‌లో తత్వం, చరిత్ర, పర్యావరణం, కళల మీద పాసేజ్‌లు వస్తాయి. మన పిల్లలేమో టెన్త్ అయిన రోజు నుంచి ఎంపీసీ మెటీరియల్ తప్ప మరో కాగితం ముట్టలేదు. తెలుగులో కూడా ముట్టలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే.

ఎందుకంటే, ఒక వాదనను వెంబడించే అలవాటు ఏ భాషలో వచ్చినా ఇంకో భాషకు సాయపడుతుంది. జిమ్ కమిన్స్ అనే విద్యావేత్త 1979లోనే ఈ సంగతి ప్రతిపాదించారు. అందుకే నా దగ్గరికొచ్చే వాళ్లకు రోజూ తెలుగు పత్రికలో ఒక సంపాదకీయం, ఇంగ్లిష్‌లో తమకు తెలియని విషయం మీద ఒక పెద్ద వ్యాసం చదవమంటాను. చదివాక కాగితం మూసేసి, రచయిత ఏమన్నాడో ఇంట్లో అమ్మకు చెప్పినట్టు రెండు తెలుగు వాక్యాల్లో చెప్పమంటాను. మొదటి వారం చాలామందికి నోరు పెగలదు. ఇంగ్లిష్ పదాలన్నీ తెలిసినవాళ్లు కూడా ఆగిపోతారు.

ఇక మాక్ టెస్టులు. వారానికి మూడు రాసి స్కోరు చూసి టెన్షన్ పడే కన్నా, ఒకటి రాసి ప్రతి తప్పు దగ్గర ఆగడం మేలు. నేను ఎంచుకున్న ఆప్షన్‌లో ఏ మాట పాసేజ్‌లో లేదు? "ఎప్పుడూ", "మాత్రమే" లాంటి మాటను చూడకుండా దాటేశానా? ఇవి నోట్‌బుక్‌లో రాసుకోవాలి. పది మాక్‌లయ్యేసరికి తన తప్పులు రెండు మూడు రకాలేనని ఎవరికి వారికే తెలుస్తుంది.

ఇదంతా డిగ్రీ చివరి ఏడాదిలో మొదలుపెడితే ఆలస్యమే. ఇంటర్ కాగానే రాసే లా కోర్సుల ప్రవేశ పరీక్ష క్లాట్ కూడా 2020 నుంచి పాసేజ్‌ల మీదే నడుస్తోంది. మన ఇంటర్ కాలేజీలు ఉదయం నుంచి రాత్రి వరకు నడిపే స్టడీ అవర్లలో రోజుకు అరగంట పిల్లలకు వదిలిపెట్టాలి. సిలబస్‌లో లేని పుస్తకం, వాళ్లకు నచ్చిన భాషలో చదువుకోనివ్వాలి. ఫీజు కట్టేముందు తల్లిదండ్రులు ర్యాంకుల ఫ్లెక్సీతో పాటు అక్కడ లైబ్రరీ ఉందా, దాని తలుపు తీస్తున్నారా అని కూడా అడగాలి.